రెండు తేళ్ల హాజరు

మొన్న జడివాన పట్టుకున్న మధ్యాహ్నం, మా మేనల్లుడి కూతురు నా పక్కన బోర్లా పడుకుని ఫోనులో జర్మనీ వాళ్ల నేరపరిశోధన సీరియల్ ఒకటి చూస్తూంటే, మాటలు హిందీలోనే వినిపిస్తున్నాయి కదా అని నేనూ కళ్లజోడు తుడుచుకుని తల దూర్చాను. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చిన కుర్రాళ్లు, సరైన కాగితాలు లేక, ఒకరి కార్డు మీద మరొకరు మేడలు కట్టేచోట ఇటుకలు మోస్తూంటారు. అందులో ఒకడు పైనుంచి పడి చచ్చిపోతాడు. ఎవరితను అని పోలీసమ్మ అడిగితే కార్డులో ఉన్న పేరే అందరూ చెబుతారు. తీరా చూస్తే ఆ పేరుగలవాడు వేరే ఊళ్లో నిక్షేపంగా కూర్చుని అన్నం తింటూంటాడు. ఈ సంగతి కనిపెట్టడానికి పోలీసమ్మకి గంట పట్టింది, నాకు పావుగంట పట్టింది. "నీకెలా తెల్సిపోయిందే మామ్మా?" అని పిల్ల లేచి కూర్చుంది. ఐదో తరగతిలో నేనూ బడీ ఒకరికొకరం దణ్ణం పెట్టుకుని విడిపోయిన మాట నిజమే గానీ, ఈ ఒక్క పాఠం మాత్రం జర్మనీ పోలీసులకైనా నేనే చెప్పగలను. జవాబుగా చేతులు రెండూ చాచి దానికి చూపించాను. ఎడమ చేతి మీద ఒక తేలు, కుడి చేతి మీద ఒక తేలు.

ఇనపరాయి తవ్వే బచేలి కొండ కింద ఆ రోజుల్లో తడికల ఇళ్లలో కాపురమున్నవాళ్లకి ఇదంతా వివరించక్కర్లేదు. విజయనగరం వైపు నుంచి రైల్వే పనికని వచ్చిన మా అన్నయ్య పట్టాల వెంట ఊరూరా తిరుగుతూ ఎప్పుడో గానీ ఇంటికొచ్చేవాడు కాదు. మా వదిన మాత్రం గుత్తేదారు కింద కొండ మీద ఇనపరాయి ఏరి, సుత్తితో కొట్టి, తట్టలకెత్తే పనిలో నాలుగేళ్లుగా ఉండేది. ఆ రాయి సంగతి మోసినవాళ్లకే తెలుస్తుంది. చూడ్డానికి గుప్పెడుంటుంది, ఎత్తితే చంటిపిల్లంత బరువు. సాయంత్రానికి ఒళ్లూ, చీరా, కనురెప్పలూ అన్నీ ఒకే ఎరుపు. తలగుడ్డ చుట్టుకుని లారీ దిగే నలభైమంది ఆడవాళ్లలో ఎవరి పెళ్లాం ఎవరో మొగుళ్లే పోల్చుకోలేక తికమకపడేవారు. నేను తర్వాత చేసిన ఘనకార్యం సాగిందంటే సగం పుణ్యం ఆ ఎర్రదుమ్ముదే.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. వదినకి సాయంగా ఉంటానని మా అమ్మ నన్ను పంపింది. అంతకుముందు రెండుసార్లు వదినకి కడుపు నిలవలేదు. మూడోసారి నిలవాలంటే మంచం దిగకూడదని ఆసుపత్రి సిస్టరమ్మ గట్టిగా చెప్పింది. సరిగ్గా అప్పుడే, నాగా లేకుండా పనిచేసిన ఆడవాళ్ల పేర్లు గుత్తేదారు పైనున్న గని కంపెనీ తన పుస్తకంలోకి ఎక్కించుకుంటుందనీ, అలా ఎక్కితే క్వార్టరూ ఆసుపత్రీ అన్నీ వస్తాయనీ కబురొచ్చింది. బిడ్డ నిలవాలంటే పనికి వెళ్లకూడదు, పేరు నిలవాలంటే వెళ్లి తీరాలి. వదిన రెండురోజులు గోడవైపు తిరిగే పడుకుంది. మూడోరోజు నేనే, మీ కడుపు మీరు మొయ్యండి, మీ పేరు నేను మోస్తాను అన్నాను. అప్పటికి నాకది మంచి హాస్యంగానే తోచింది.

వదిన కార్డు మీద ఫొటో లేదు. పేరు, మొగుడి పేరు, గుర్తు అని మూడే ముక్కలుండేవి. గుర్తు దగ్గర ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు అని రాసి ఉంది. చిన్నప్పుడు వాళ్ల ఊరి తీర్థంలో పొడిపించుకున్నదట. ఆ పొడిచినావిడ ఎవరో గానీ, తేలు కంటే రొయ్యకే దగ్గర పోలిక. సంతరోజు నేను వెళ్లి పచ్చబొట్లు పొడిచే, అక్కడి హల్బీ భాష మాట్లాడే ముసలమ్మని ఇంటికి పిలుచుకొచ్చాను. వదిన పడుకునే ఎడమ చెయ్యి చాచింది. నేను ఆమెకి ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆమె చేతికి సరిగ్గా ఎదురుగా ఉన్న నా చెయ్యి చాచాను. ముసలమ్మ సూదులు తీసి, ఆ తేలుని చూసి జాలిపడి, నాకు మాత్రం కొండి పైకెత్తిన నిఖార్సైన తేలుని పొడిచింది. ఆవిడ వెళ్లాక, పనితనం పోల్చుకుందామని వదిన పక్కనే వెల్లకిలా పడుకుని ఆమెలాగే ఎడమచెయ్యి చాచితే, దాని మీద తేలు లేదు. వదిన నా రెండో చెయ్యి పట్టుకుని చూసింది.

"ఒలమ్మ, ఇది కుడిచెయ్యే," అంది వదిన.

నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని భయపడి ఆగిపోయింది పాపం. నేను లేచి, సంత ఎత్తేసేలోపు పరుగెత్తి ముసలమ్మని మళ్లీ లాక్కొచ్చి ఎడమచేతికీ పొడిపించుకున్నాను. అన్నయ్య వచ్చి చూసి, పెళ్లి కావలసిన పిల్ల చేతులకి ఈ విషప్పురుగులేమిటని తల పట్టుకున్నాడు. చెప్పొద్దూ, తర్వాత నన్ను చేసుకున్నాయన పెళ్లిచూపుల్లో మొట్టమొదట అడిగింది వీటి గురించే. కుడతాయా అన్నాడు, మాట మీద ఆధారపడి ఉంటుందన్నాను, కుదిరిపోయింది.

పచ్చబొట్లు పొడిపించుకున్న మర్నాడు పొద్దున్నే లారీల దగ్గర హాజరీబాబు పెద్ద పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. రాయపూర్ వైపు మనిషి, గుబురు మీసాలు, నవ్వగా ఎవరూ చూసింది లేదు. వదిన పేరు పిలిచాడు. హాజర్ అన్నాను. ఆ రోజు ఏం తోచిందో, కార్డు అడిగి, చెయ్యి చూపించమన్నాడు. నెత్తి మీద తట్టని కుడిచేత్తో పట్టుకుని, వాచి ఎర్రగా ఉన్న ఎడమచెయ్యి చాచాను. పైకెత్తిన కుడిచేతి మీంచి కొంగు జారింది. బాబు కళ్లు ఒక తేలు మీంచి రెండో తేలు మీదికి వెళ్లి, అక్కణ్నుంచి కార్డులోకి దిగాయి. ఇంటికి పొమ్మంటే వదిన పేరు అక్కడితో సరి. నాలుగేళ్ల రాళ్లూ ఆ కొండ మీదే ఉండిపోతాయి.

"కార్డ్ మే తో ఏక్ హీ బిచ్చూ హై," అన్నాడు. కార్డులో ఒక్క తేలే ఉందే అని.

"కార్డ్ పురానా హై బాబూజీ," అన్నాను. "తబ్ సే ఇస్‌నే బచ్చా దే దియా." కార్డు పాతది, ఆ తర్వాత ఇది పిల్లని పెట్టింది అని.

ఆయన నవ్వలేదు. మీసం మాత్రం ఒక పక్కకి కదిలింది. పుస్తకంలో గీత పెట్టి, మూడోది కానివ్వకు అని, తల ఎత్తకుండానే తర్వాతి పేరు పిలిచాడు.

అలా ఏడు నెలలు నేను మా వదినని. ఆ పేరుతో పిలిస్తే పలికాను, తిడితే పడ్డాను, ఒకసారి రాయి పడి కాలివేలు చితికితే కట్టు కూడా ఆ పేరునే కట్టించుకున్నాను. నా సొంత పేరు సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేస్తే గానీ నాకు దొరికేది కాదు. నేను కొండ మీద ఉండగానే మేనల్లుడు పుట్టాడు. వాడి ఏడుపు మొదట విన్నది పక్కింటివాళ్లే.

వాడికి మూడో నెల వచ్చాక వదిన మళ్లీ లారీ ఎక్కింది. ఆ పొద్దున నేను ఇంట్లో పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని లారీ ఎప్పుడు తిరిగొస్తుందా అని వింటూ కూర్చున్నాను, ఎందుకంటే మా వదినకి బయటివాళ్ల ముందు మాటలు రావు. నాలుగేళ్లలో హాజరీబాబుతో హాజర్ తప్ప రెండో ముక్క అనలేదు. తర్వాత ఆడవాళ్లు వచ్చి చెప్పారు. బాబు చెయ్యి చూపించమన్నాడట. వెలిసిపోయిన ఆ రొయ్యలాంటి తేలుని చాలాసేపు చూశాడట. చిన్నది ఏదీ అని అడిగాడట.

"ఘర్ పే హై బాబూజీ," అందట మా వదిన. "దూద్ పీ రహా హై."

ఇంట్లో ఉంది, పాలు తాగుతోంది. ఆవిడ జన్మలో వేసిన హాస్యం అదొక్కటే, దాన్ని వినే అదృష్టం నాకు లేకపోయింది. పై నెల చదివిన జాబితాలో ఆమె పేరుంది. క్వార్టరొచ్చింది, మేనల్లుడు అందులోనే పెరిగి పెద్దవాడయ్యాడు, వాడి కూతురే ఇదిగో నా చేతులు తిప్పి తిప్పి చూస్తున్న పిల్ల.

వదిన పోయిన ఏడాది వెళ్లిపోయింది. ఆ అసలు తేలు ఆమెతోనే పోయింది, రెండు నకళ్లూ నా దగ్గర మిగిలాయి. సీరియల్లో ఆ కుర్రాడి అసలు పేరేమిటో చివరికైనా చెబుతారేమోనని చూశాను. నేరం చేసినవాణ్ని పట్టుకున్నారు, పేరు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు రేషన్ కొట్లో వేలు పెట్టే యంత్రం ఉంది. తర్వాత నా సొంత పేరుతోనూ ఏళ్లకేళ్లు ఇనపరాయి ఏరి ఏరి నా బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. నేను పెడతాను, అది కాదంటుంది, తుడిచి పెడతాను, మళ్లీ కాదంటుంది. పుట్టినప్పటి నుంచీ నన్ను మౌసీ, అంటే పిన్నీ, అని పిలిచే ఆ కొట్టతను, నువ్వెవరో నాకు తెలుసు గానీ దీనికి తెలియాలి కదా అని తల గోక్కుంటాడు. ఇంకొకరి పేరు చెప్పుకుని తిరిగిన రోజుల్లో ఈ చేతుల్ని చూసి గీత పెట్టిన మనిషొకాయన ఉండేవాడు. ఇప్పుడు నా సొంత పేరే చెబుతున్నాను. మొన్న ఊరికే యంత్రం ముందు రెండు తేళ్లూ చాచి చూశాను. కొట్టతనికి నవ్వొచ్చింది. దానికి మీసం కదల్లేదు.