చుట్టాలని అడగకూడని ప్రశ్న

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఏమీ అనుకోవద్దు. ఆ కోపంలో సగం చుట్టాల మీదే. తొంభైలలో ఢిల్లీ కంటోన్మెంటులో కాపురమున్న తెలుగువాళ్లని ఎవరినైనా అడగండి, ఊళ్లో పలకరించని చుట్టాలందరూ ఢిల్లీలో ఎలా తేలతారో చెబుతారు. మా ఆయన ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు బాగుచేసే సార్జెంటు. మాకిచ్చింది రెండు గదుల క్వార్టరు. ఇంటర్వ్యూకని ఒకరు, కుతుబ్ మీనార్ చూద్దామని ఒకరు, ఆగ్రా వెళ్తూ దారిలోనే కదా అని ఇంకొకరు, స్టేషన్లో దిగి ఆటో ఎక్కి నేరుగా మా గుమ్మంలో ప్రత్యక్షం. ముందు ఒక ఉత్తరం ముక్కయినా ఉండదు.

పనికి నేనెప్పుడూ భయపడలేదు. పదిమందికైనా వండి పెడతాను. కానీ నడవలో పరాయి సూట్‌కేసు ఉంటే, నా కంచంలో ఇంకెవరో తింటే, టీవీ మోగుతుండగా నలుగురు ఒకేసారి మాట్లాడితే, తల లోపల ఏదో బిగుసుకుపోయేది. మాటలు వినపడేవి, అర్థమయ్యేవి కావు. బాత్రూములోకి వెళ్లి కుళాయి విప్పి, బకెట్టు నిండేదాకా చెవులు మూసుకుని కూచునేదాన్ని. నైలాను చీర కడితే ఒళ్లంతా గీరుకుపోతున్నట్టుండేది. పెళ్లిలో పెట్టిన చీరలన్నీ పనిమనిషికి ఇచ్చేశాను, దానికీ ఒక పెద్ద గొడవ. ఇక మనిషి కళ్లలోకి చూస్తూ మాట వినడం నావల్ల కాదు. చూడమంటే చూస్తాను, వినమంటే వింటాను, రెండూ ఒకేసారి ఎలా చేస్తారో ఇప్పటికీ తెలియదు.

చుట్టాలొస్తే ఏమనాలో కాగితం మీద రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. ‘ప్రయాణం బాగా జరిగిందా? ఇంట్లో అందరూ కులాసానా? కాళ్లు కడుక్కోండి, కాఫీ తెస్తాను.’ పరీక్షకి చదివినట్టు చదివేదాన్ని. తీరా తలుపు తీశాక నోట్లోంచి వచ్చేది ఒకటే. “ఎప్పుడు వెళ్తారు?”

పొమ్మనడానికి కాదండీ బాబూ! వెళ్లే రోజు తెలిస్తే నెలరోజులైనా భరిస్తాను. తెలియకపోతే ఒక్క పూట కూడా నరకమే. ఈ మాట ఎవరికి చెప్పినా ముఖం మాడ్చుకునేవారు. పొగరుబోతు అన్నారు. పెంపకం అలాంటిదని మా అమ్మని కూడా కలిపి అన్నారు. మా అమ్మ నా చెవిలో ఇల్లు కట్టుకుని ఎంత నేర్పిందో నాకు తెలుసు, పాపం.

ఒక చలికాలం మా ఆడపడుచు వచ్చారు, అన్నయ్యగారూ పిల్లలూ అందరూ. మా ఆయనకి అక్కంటే అమ్మ కిందే లెక్క. మా అత్తగారు చిన్నప్పుడే పోతే ఆవిడే ఈయన్ని పెంచారు. అందుకని ఆ రోజు చాలా జాగ్రత్తపడ్డాను. కాగితం నాలుగుసార్లు చదివి, తలుపు తీసి, ప్రయాణం గురించి అడిగాను, కులాసా అడిగాను, కాఫీ ఇచ్చాను. అంతా బాగానే నడిచింది. ఖాళీ గ్లాసులు తీస్తూ ఇంక ఆగలేక, “ఎప్పుడు వెళ్తారు వదినా?” అని అడిగేశాను.

ఆవిడ నవ్వుతూనే అన్నారు. “ఇదేవిఁటమ్మా, ఇంకా కాళ్ల తడైనా ఆరలేదు! నీకంత బరువైతే రేప్పొద్దున్నే పోతాంలే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు తెల్లవారుజామునే లేచి రైల్లోకి పులిహోర కలిపాను. పెరుగన్నం వేరే గిన్నెలో, పిల్లలకి బంగాళాదుంప వేపుడు. అంతా క్యారేజీలో సర్ది, ఆవిడకిష్టమని మాగాయ సీసా కూడా గుడ్డలో కట్టి, ఆవిడ పళ్లు తోముకొచ్చేసరికి సూట్‌కేసు పక్కన సిద్ధంగా పెట్టాను. భలే చేశాననుకున్నాను, ఒట్టు.

వాళ్లు పది రోజులుందామని వచ్చారు.

ఆవిడ క్యారేజీ వైపు చూశారు, నా వైపు చూశారు. పిల్లలకి స్వెట్టర్లు తొడిగి, అన్నయ్యగారిని ఆటో పిలవమన్నారు. మా ఆయన వెంటపడి బతిమాలారు. “నీ పెళ్లాం ఉన్న ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనురా!” అని ఆటోలోంచి కేకేశారు ఆవిడ. మీరే కదా రేపు పోతామన్నారు అని నేను గుమ్మంలో నిలబడి ఇంకా అడుగుతూనే ఉన్నాను.

ఆ తర్వాత మా ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది, తిట్టయితే అర్థమవుతుంది. అన్నం తినడం, డ్యూటీకి పోవడం, వచ్చి రేడియో పెట్టుకోవడం. ఎండలు ముదిరే రోజుల్లో ఒకసారి యూనిఫాం ఉతకబోతూ జేబులు చూస్తే, మడతపెట్టిన కార్బన్ కాపీ దొరికింది. ఈశాన్యంలో ఎక్కడో కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని స్టేషనుకి పోస్టింగు కావాలని ఆయనే పెట్టుకున్న దరఖాస్తు. అలాంటి చోట్లు తప్పించుకోవడానికి జనం కాళ్లావేళ్లా పడతారు. ఈయన కోరి అడిగారు. ఈయన అటెళ్తే నేను పుట్టింటికి. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత మళ్లీ పిలుస్తారన్న నమ్మకం ఏముంది?

“ఇదేవిఁటండీ?” అన్నాను కాగితం చూపించి.

“ఆఫీసువాళ్లు ఇంకా పైకి పంపలేదులే. కొన్నాళ్లు నీకూ ప్రశాంతంగా ఉంటుంది” అన్నారు. అంతే. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండిట్లో పడి అన్నం మాడ్చాను.

సరిగ్గా ఆ వారమే ఇంకో చుట్టం దిగింది. మా పిన్ని తోటికోడలి కూతురు, ఇరవైరెండేళ్ల పిల్ల. అందరిలా నేర్చుకోలేని పిల్లలకి చదువు చెప్పే కోర్సు హైదరాబాదులో చదివి, ఇక్కడ ఒక బడిలో చేరడానికి వచ్చింది. తలుపు తీశాను. కాగితంలో ఉన్నది ఒక్కటీ గుర్తురాలేదు. “ఎప్పుడు వెళ్తావు?” అన్నాను. వెనకాల మా ఆయన నిట్టూర్చడం వినపడింది.

“పద్నాలుగో తారీఖు పొద్దున్న పదింటికక్కా” అంది ఆ పిల్ల, చెప్పులు విప్పుతూ. “కటవారియా సరాయ్‌లో గది మాట్లాడుకున్నా, ఆ రోజు ఖాళీ అవుతుంది. అందాకా పొద్దున్న ఆరింటికి స్నానం చేస్తా, పది నిమిషాలు. వంకాయ తప్ప అన్నీ తింటా. ఈ బ్యాగు ఎక్కడ పెడితే నీకు అడ్డం ఉండదు?”

అలా సమాధానం చెప్పిన మనిషిని నేను పుట్టాక చూడలేదు. వాటేసుకోవాలనిపించింది. వాటేసుకోవడం నాకు పడదు కాబట్టి కాఫీ రెండోసారి ఇచ్చాను.

నాలుగో రోజు దుప్పటి కోసం బీరువా తెరిచి ఆ కాగితం చూసింది.

“ఇదెవరు రాశారక్కా?”

“నేనే. అందరికీ ఊరికే వచ్చే మాటలు నాకు రావు. నవ్వుతావా? నవ్వుకో.”

నవ్వలేదు. కింద చతికిలబడి, కుళాయి సంగతి, చీరల సంగతి, క్యారేజీ సంగతి అన్నీ అడిగింది. ఆ తర్వాత, తను చదువు చెప్పే పిల్లల్లో కొందరికి ఆటిజం అని ఉంటుందని, వాళ్లలో కనిపించే చాలా సంగతులు నాలో ఉన్నాయని చెప్పింది. నేను ఇంతెత్తున లేచాను. “అంటే నాకు బుద్ధి లేదంటావా?”

“అచ్ఛా, బుద్ధి లేదని ఎవరన్నారు? నీ బుర్ర నడిచే దారి వేరంటున్నా” అంది, ఏమాత్రం బెదరకుండా. అప్పటికే నాలుగు హిందీ ముక్కలు పట్టేసింది. “ఆ పిల్లలు పెద్దయ్యాక ఎటు పోతారక్కా? మాయమైపోరు కదా. ఎక్కడో అక్కడ కాపురాలు చేసుకుంటూనే ఉంటారు.”

తన నోట్సు జిరాక్సు కాగితాలు ఇచ్చింది. వంటింట్లో పీట మీద కూచుని చదివాను. శబ్దాలు, బట్టలు, అన్న మాటని అన్నట్టే తీసుకోవడం, ఏం జరగబోతోందో ముందే తెలియాలన్న ఆరాటం. ఓరి దేవుడా, ఎవరో ముప్ఫై రెండేళ్లు నా వెనకే తిరిగి రాసినట్టుంది! నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. గుండెల మీంచి బండ దింపినట్టయింది. లోకంలో ఇంకెక్కడో నాలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి కాగితాలు కూడా ఉన్నాయి. అమ్మ పెంపకంలో ఏ తప్పూ లేదు. ఆ సాయంత్రం అమ్మకి రాసిన ఉత్తరంలో ముందు వాక్యం అదే.

వెళ్లేముందు ఆ పిల్ల ఒక డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసి, “బావగారూ, మీరూ వెళ్లాలి” అని మా ఆయనతో గట్టిగా చెప్పింది. ఆయన శనివారం సెలవు పెట్టారు.

డాక్టరు పెద్దాయన. ఈ లక్షణాలు తను ఎక్కువగా పిల్లల్లోనే చూశానని, పెద్దవాళ్ల విషయంలో తన అనుభవం తక్కువని ముందే ఒప్పుకున్నాడు. ఆ మాటతోనే నాకు ఆయన నచ్చాడు. ఇంట్లో నేనెలా ఉంటానని మా ఆయన్ని అడిగాడు. ఈయనకేం తెలుసు అనుకున్నాను. మా ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ఏ గరిటె శబ్దానికి ఉలిక్కిపడతానో, తువ్వాలు ఎన్ని మడతలు పెడతానో, ఏ వీధిలోంచి బజారుకి వెళ్తానో, కుళాయి విప్పి ఎంతసేపు కూచుంటానో. బయట ఎవరూ రాకుండా ఆ తలుపు దగ్గర ఆయనే నిలబడేవారట.

“దేఖియే, ఆటిజమే అని నా నమ్మకం” అన్నాడు డాక్టరు చివరికి. “దీనికి మందు లేదు.”

“మందు ఎవరడిగారు? పేరు చెప్పారు, చాలు” అన్నాను.

తిరుగు దారిలో ధౌలా కువాన్‌లో బస్సు మారాలి. “కేంట్, కేంట్, చలో చలో!” అని కంటోన్మెంటు బస్సుల కండక్టర్లు రేకు మీద బాదుతున్నారు. నలుగురూ చూస్తుండగా రెండు చెవులూ మూసుకున్నాను. సిగ్గనిపించలేదు. ఆయన నన్ను కాస్త దూరంగా గోడవారకి తీసుకెళ్లారు.

“అక్కకి నేను రాస్తాలే” అన్నారు. ఇంకా బస్సుల వైపే చూస్తూ, “నీకు మావాళ్లంటే గిట్టదనుకున్నా” అన్నారు.

“మీ అక్కయ్యంటే నాకిష్టమే.”

“మావాళ్లు గిట్టకపోతే నేనూ గిట్టనట్టేగా. ఏడేళ్లుగా ఏదో సర్దుకుపోతున్నావేమో, నేను దూరంగా పోతే హాయిగా ఉంటావేమో అని ఆ దరఖాస్తు పెట్టా.”

నాకు కోపం నషాళానికెక్కింది. “నన్ను అడగొచ్చు కదండీ?”

“నిన్నా?” ఆయన నా వైపు తిరిగారు. “అడిగితే నిజం చెప్పేస్తావు. అందుకే అడగలేదు.”

మా బస్సు వచ్చింది. ఎక్కలేదు.

“ఇప్పుడు అడగండి” అన్నాను.

అడిగారు. నిజం చెప్పాను.

సోమవారం ఆఫీసు తలుపులు తియ్యకముందే వెళ్లి నిలబడి, ఆ దరఖాస్తు వెనక్కి తెచ్చుకున్నారు.