నా కార్డు మీద ఆయన జబ్బు

మాదాపూర్‌ల మా కంపెనీ హెచ్చార్‌ల నాది ఇన్సూరెన్స్ పని. ప్రతి సోమవారం కొత్తగ చేరినోళ్లను కూసోబెట్టి పాలసీ చెప్త. దేనికొస్తది, దేనికి రాదు, అంతా నోటికొచ్చు. ఆఖరికి గొంతు జర మెత్తగ చేసి, "డిప్రెషన్‌కు, తాగుడు మాన్పించే ట్రీట్‌మెంట్‌కు గూడ మనకు కవర్ ఉంది. ఇందుల సిగ్గుపడేదేం లేదు, అవి గూడ జబ్బులే" అంట. అందరు చప్పట్లు గొడ్తరు. నాకు మస్తు ఖుషీ అయితది.

మా ఆయనకు కొత్తగూడల కరెంటు సామాన్ల దుకాణం. నాలుగేండ్ల సంది తాగుడు ఎక్కువైంది. పొద్దుగాల ఒక గుటక పడకుంటే చేతులు వణికి స్క్రూ గూడ బిగియ్యరాదు. తిట్టిన, అలిగిన, సీసాలు పారబోసిన. ఏం ఫాయిదా? ఒకనాడు ఆయనే నా ముంగట కూసుండి, "ఇగ నాతోని గాదు. నన్ను దవాఖానల చేర్పియ్యవే" అన్నడు. ఆ మాట అననీకి ఎంత ధైర్యం గావాలె!

అదే రోజు పోయినం. డాక్టరమ్మ చూసి రెండు వారాలన్న ఉండాలె అన్నది. కౌంటర్‌ల నా కార్డు అడిగిండ్రు. అప్పుడు యాదికొచ్చింది. ఆ కార్డు మీద ఎవరు చేరినా, జబ్బు పేరుతోని మా టీమ్ మెయిల్‌కు ఒక కాపీ వస్తది. నా కింద పనిచేసే ఇద్దరమ్మాయిలు దాన్ని తెరుస్తరు. క్యాంటీన్‌ల నేను కనవడంగనే మాట ఆపేస్తరు. అదంతా నా కండ్ల ముందు తిరిగింది.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే పొయ్యి, "మేడం, కామెర్లని రాయరా?" అన్న.

"కామెర్లు లేవు కదండీ. లేని జబ్బు నేనెలా రాస్తాను?" అన్నదామె. "ఇంకో మాట. తాగుడు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ వస్తాయి. ఇంటి దగ్గర అలా చెయ్యనివ్వకండి."

బయటికొచ్చి మా ఆయనతోని, "దీనికి ఇన్సూరెన్స్ రాదంట, అన్ని పైసలు మనతాన యాడియి, పోదాం పా" అన్న. ఆయన, "నీకు తెల్వనిదేముంది" అని లేచిండు. థూ, ఏం మనిషిని నేను!

ఇంటికొచ్చి ఆయన సొంతంగనే తాగుడు బంద్ పెట్టిండు. డాక్టరమ్మ చెప్పింది యాదిల్నే ఉంది. అయినా చెప్పలె. ఇట్లనే మానితే ఇగ ఎవ్వరికీ తెల్వదు గదా అని లోపల్లోపల సంబురపడ్డ గూడ. మూడోనాడు పొద్దుగాల వంటింట్ల చాయ్ పోసుకుంట పోసుకుంట పడిపోయిండు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయి, నోట్లె నురుగు. గట్టు తాకి నుదురు పగిలింది.

మళ్ల అదే దవాఖాన, అదే కౌంటర్. ఈపారి ఏమీ అనకుండ కార్డు ఇచ్చిన. సాయంత్రానికి అప్రూవల్ వచ్చింది.

నాలుగు రోజులకు ఆయన లేచి కూసున్నడు. నర్సు కాయిదాలు తెచ్చి సంతకం పెట్టమన్నది. అన్ని చదివిండు. తాగుడు జబ్బని, దానికి పాలసీ వర్తిస్తదని రాసుంది, దాని కింద నా పేరు. సంతకం పెట్టి కాయిదాలు నర్సుకిచ్చిండు. నేను తల ఎత్తలె.

"కొత్త రూల్ వచ్చినట్టుంది" అన్నడు మెల్లగ, నర్సు ముంగట.

"ఔ, మొన్ననే మార్చిండ్రు" అన్న.