అమ్మ ఎండిపోనివ్వని వంగతోట

మా చిన్నప్పుడు, కోసిగిలో ఒక ఎండాకాలం పొద్దున... నాయన మా పెరటి ముందర ట్రాక్టరు నిండా బండలు దింపించాడు. అమ్మ వంగచెట్లకు అడ్డంగా నిలబడింది.

"తాగేకే నీళ్లు లేవు. తుంగగడ్డి చూస్తే మోకాలెత్తు లేచిండాది. ఇంగ ఈ తోట యాడ బతుకుతాది? బండలు పరిస్తే శుభ్రంగా ఉంటాది" అన్నాడు నాయన.

"తొలివాన దాకా వదిలిపెట్టు. అప్పటికి ఎండిపోయింటే నా చేత్తోనే పీకి పారేస్తా" అంది అమ్మ.

నాయన నవ్వి, బండలు గోడవార పెట్టించి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి మాకు సెలవులు లేవు... పొద్దు ఎక్కకముందే నేనూ చెల్లెలూ తొలికలు పట్టుకుని తుంగ తవ్వేవాళ్లం. పైపైన పీకితే అమ్మ ఊరుకునేది కాదు. "గడ్డ రావల్ల పాపా. గడ్డ ఉండిపోతే మళ్లా పుడతాది" అనేది. తవ్విన గడ్డలన్నీ మిద్దె మీద ఎండబోసేది.

కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. బియ్యం కడిగిన నీళ్లు, మేము పోసుకున్న నీళ్లు... అన్నీ పాదుల్లోకే. మొదళ్ల చుట్టూ శనక్కాయ పొట్టు మందంగా పరిచి, పైన పాత చీరలు పందిరిలా కట్టింది.

మధ్యలో చుట్టాల ఇంట్లో చావుకని రెండు రోజులు ఊరెళ్లాం. వచ్చి చూస్తే వడగాలికి చీరలు ఎగిరిపోయి, చెట్లన్నీ తలలు వాల్చేశాయి. చెల్లెలు ఏడ్చేసింది... నాకూ ఇక అయిపోయిందనిపించింది.

అమ్మ కాళ్లు కూడా కడుక్కోలేదు. ఇంట్లో మిగిలిన రెండు బిందెలూ తెచ్చి, చెంబుతో ఒక్కో మొదలుకూ కొంచెం కొంచెం పోసింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ స్నానాలు లేవు. ఎండిన కొమ్మలు విరిచేసి, మళ్లీ చీరలు కట్టింది.

వారం తిరిగేసరికి మోళ్ల పక్కన పచ్చటి చిగురు...!

రోళ్లు పగిలే ఎండల్లో, సంతలో వాడిన బెండకాయలు తప్ప ఏమీ దొరకని రోజుల్లో, మా పెరట్లో వంకాయలు నిగనిగలాడుతూ వేలాడాయి. మిరప కోతలకు వలస పోయి తిరిగొచ్చిన పక్కింటి మరియమ్మత్త తలుపు తీసేలోపే, అమ్మ ఆమె ఒడి నిండా కాయలు పోసింది. "శానా రోజులైంది వదినా, ఇంత లేత కాయ చూసి" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ ఆదివారం పెదనాయన వాళ్లు భోజనానికి వచ్చారు. గుత్తివంకాయ మూడోసారి వడ్డించుకుంటూ, "యాడ తెచ్చినావప్పా?" అని అడిగాడు పెదనాయన.

"తెచ్చేదేంది? మా తోటే!" అన్నాడు నాయన, ఛాతీ విరుచుకుని.

వంటింట్లో అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. తొలివాన ఇంకా పడనే లేదు... నాయన మరునాడే బండలన్నీ పెదనాయన ఇంటికి పంపించేశాడు.

ఇప్పుడు కడపలో మా డాబా మీద కుండీలున్నాయి, చుక్కచుక్కగా నీళ్లిచ్చే పైపులున్నాయి, నీడకు ఆకుపచ్చ వల ఉంది. కాయలూ కాస్తాయి. ఒడి పట్టి నిలబడే పక్కింటివాళ్లే కనబడరు...

మీ ఇంట్లో మండుటెండను దాటి కాసిన చెట్టు ఏది? అది ఎవరి చేతి చలవ? వాళ్ల పేరు ఒకసారి ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.