"బాగోలేదు" అని చెప్పడానికి మాయాబందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాకా

అండమాన్ ప్రయాణం అనగానే అందరూ బీచ్‌ల గురించి రాస్తారు. నేను మెడికల్ బోర్డుకు వెళ్ళే దారి గురించి రాస్తున్నాను. రెండేళ్ళ క్రితం మాయాబందర్ జెట్టీ దగ్గర మా డింగీ పడవకీ గట్టుకీ మధ్య పడి నా కుడి తుంటి నలిగిపోయింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. చేపల వేట ఆగిపోయింది. పావుగంట నిలబడితే కాలు తిమ్మిరెక్కుతుంది, అరగంట కూర్చుంటే నడుము పట్టేస్తుంది. పింఛనుకు దరఖాస్తు పెడితే, వైకల్యం కనీసం నలభై శాతం ఉండాలనీ నాకు ముప్పై శాతమే ఉందనీ తేల్చారు. తప్పు డాక్టరుది కాదు, నా నోటిది. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాను. మెట్లెక్కగలవా అంటే ఎక్కేస్తానన్నాను. బరువులు ఎత్తగలవా అంటే "ఎంత బరువు సార్?" అని ఎదురడిగాను.

దీనికో కారణం ఉంది. మా తాతలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో పాటు ఒక పట్టింపు కూడా తెచ్చుకున్నారు. వేటకు కదిలే పడవ దగ్గర ఎవరు ఎలా ఉన్నావని అడిగినా బాగున్నాననే చెప్పాలి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా సరే. బాగోలేదంటే సముద్రం వింటుందని మా నాన్న నమ్మకం. చిన్నప్పటి నుంచి అదే జవాబు చెప్పీ చెప్పీ నా నాలుకకు రెండో మాట రాదు. అప్పీలు చేసుకుంటే పోర్ట్‌బ్లెయిర్ బోర్డుకు రమ్మన్నారు. అక్కడ కూడా నోరు జారితే ఇల్లంతా నా భార్య నూకరత్నం ఎండుచేపల గంప మీదే నడవాలి. ఆ గంప మోసి మోసి ఇప్పటికే ఆమె మెడ ఒక పక్కకే తిరుగుతోంది.

సర్కారు బస్సు ఉదయం ఐదున్నరకు బయలుదేరుతుంది. మా దగ్గర అప్పటికే తెల్లారిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. టికెట్ మనిషికి నాలుగు వందల లోపే. ముందురోజే సీటు రిజర్వు చేసుకోండి, వెనక చక్రం మీది సీటు మాత్రం వద్దు. మాకు అదే దొరికింది. బస్సు ఊరు దాటకముందే నూకరత్నం పాఠం మొదలుపెట్టింది.

"ఎలాగున్నావు మావా?"

"బాగు..."

మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "బాగోనేదు అను."

"పర్లేదు."

"పర్లేదంటే మళ్ళీ ముప్పై శాతమే. సరిగ్గా సెప్పు."

తొమ్మిదింటికి రంగత్‌లో టిఫిన్‌కి ఆపారు. పూరీ బాగుంటుంది, బల్లలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి నిలబడి తినడం సులువు. మా డ్రైవరు ఇక్కడే పుట్టిన తెలుగాయన. "క్యా భయ్యా, పొద్దుట్నించి ఏటి సదువుతన్నావు?" అనడిగాడు. నూకరత్నం సంగతంతా చెప్పింది, అతనొక్కడికే కాదు, హోటలు మొత్తానికి. పూరీలు వేయిస్తున్న దీదీ కూడా మనవాళ్ళే. "రోగం సెప్పుకోడానికి ట్రైనింగ్ ఏటమ్మా? మా ఆయన్ని తోలుకెళ్ళు. జలుబు సేస్తే ఆ సివర డిగ్లీపూర్ దాకా ఇనిపిస్తాడు" అంది.

అక్కణ్ణించి డ్రైవరు ప్రతి స్టాపులోనూ అద్దంలోంచి చూసి "భయ్యా, కైసే హో?" అని కేకేయడం, బస్సంతా "బాగోలేదు!" అని అరవడం. నేనొక్కణ్ణే అలవాటు కొద్దీ "బాగున్నాను" అనేవాణ్ణి.

బారాటాంగ్ దగ్గర బస్సును ఫెర్రీ ఎక్కిస్తారు. జనం దిగి నడిచి ఎక్కాలి. నడవలేనివాళ్ళు డ్రైవరుకు చెబితే బస్సులోనే ఉండనిస్తానన్నాడు. నేను చెప్పలేదు. పైగా నలుగురూ చూస్తున్నారని నూకరత్నం చేతిలో సంచి లాక్కుని నేనే మోశాను. అవతలి ఒడ్డు చేరేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలా ఉందని డ్రైవరు అడిగితే "ఫస్ట్ క్లాస్" అన్నాను. నూకరత్నం నాతో మాట్లాడటం మానేసింది. ఆ తర్వాతి ఆదివాసీల రిజర్వు అడవిలో బళ్ళన్నీ కాన్వాయ్‌గానే వెళ్ళాలి, ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. కూర్చోలేక ఆ దారంతా నేను కమ్మీ పట్టుకుని, కాలు తిమ్మిరెక్కినా నిలబడే ఉన్నాను. నాలుగింటికి పోర్ట్‌బ్లెయిర్ చేరి, ఆటోలో డెయిరీ ఫార్మ్ పేటలోని మరదలి ఇంటికి వెళ్ళి పడ్డాం.

మర్నాడు పదింటికి బోర్డు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. హిందీలో, నవ్వుతూ, "అప్పన్నగారూ, ఎలా ఉన్నారు?" అంది.

"ఏక్‌దమ్ ఠీక్ మేడమ్!"

వెనక నూకరత్నం నుదురు కొట్టుకున్న చప్పుడు గదంతా వినబడింది. "ఝూట్ మేడమ్! మా మొగోళ్ళు ఇంతే. బాగోనేదంటే సముద్రం ఇంటాదంట!" అంటూ తెలుగూ హిందీ కలిపి పట్టింపంతా ఏకరువు పెట్టింది.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. "ఆఖరిసారి వేటకు ఎప్పుడు వెళ్ళారు?"

"రెండేళ్ళయింది మేడమ్."

"ఈరోజు వెళ్తున్నారా?"

"లేదు."

"రేపు?"

ఈ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగలేదు. ఈ రెండేళ్ళూ డింగీ ఇంజనుకు నూనె పోస్తూ, వచ్చే సీజనుకు దిగుతానని అందరికీ చెబుతూ వచ్చాను. "వెళ్ళలేను మేడమ్" అన్నాను.

"మరి సముద్రం ఎందుకు వింటుంది? చెప్పండి."

"బాగోలేదు" అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. మెట్లు ఎక్కలేకపోవడం, రాత్రిళ్ళు పక్కకు తిరగలేకపోవడం, ప్యాంటు నూకరత్నం తొడగడం, అన్నీ చెప్పాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. డాక్టరమ్మ రాస్తూనే ఉంది. కాలు వంచి చూసి, ఎక్స్‌రేలు చూసి, మళ్ళీ రాసింది. నేను మోకాళ్ళ నొప్పులు కూడా మొదలుపెట్టేసరికి వెనక నుంచి పోటు పడింది. "సాలు మావా, ఆపు. వంద దాటిపోద్ది."

తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే డ్రైవరు. "కైసే హో భయ్యా?" అన్నాడు. "బాగోలేదు, ముందు సీటు ఇవ్వు" అన్నాను. బస్సులో ఉన్నవాళ్ళకేం అర్థం కాలేదు గానీ, అతను మాత్రం హారన్ రెండుసార్లు కొట్టాడు. ఫెర్రీ దగ్గర నేను బస్సు దిగలేదు.

నెల తర్వాత కాగితం వచ్చింది. యాభై శాతం, పింఛను మంజూరు. ఇలాంటి అప్పీలుకు వెళ్ళేవాళ్ళకు నాదొకటే సలహా. మీరు చేయలేని పనులన్నీ ఇంట్లోనే కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీ జేబులో పెట్టుకోకుండా, మిమ్మల్ని రోజూ చూసే మనిషి చేతికివ్వండి. ఇంత కష్టపడి గెలిచాక సంతోషమే ఉంటుందనుకున్నాను. కానీ ఆ కాగితం రెండోసారి చదివితే, ఇక వేటకు వెళ్ళనని అందులో సర్కారు ముద్ర వేసి చెప్పినట్టనిపించింది. ఆ సాయంత్రం నూకరత్నంతో కలిసి జెట్టీకి వెళ్ళాను. మావాళ్ళ పడవ బయలుదేరుతోంది. "ఎలాగున్నావు అప్పన్నా?" అని పడవలోంచి అరిచారు. వాళ్ళు సముద్రంలోకి వెళ్తున్నారు కదా, "బాగున్నాను" అని గట్టిగా అరిచాను. పడవ మలుపు తిరిగి కనబడకుండా పోయాక, పక్కనున్న నూకరత్నం అదే మాట అడిగింది. ఆమెకు నిజం చెప్పాను.