నాయిన కట్టిన దడి

నిన్న సాయంత్రం మా ఇంటి వెనక ప్లాటులో ఎవరో పిచ్చిచెట్లు తగలబెట్టారు. మంట పూర్తిగా ఆరకముందే వాన పడింది. తడిసిన బూడిద వాసన గుప్పున లేచేసరికి పక్కింటావిడ కంపు కంపని కిటికీలన్నీ మూసుకుంది, నేను మాత్రం మూసి ఉన్నవి కూడా తెరిచి నిలబడ్డాను. ఖమ్మం వచ్చి ఎన్నేళ్ళయినా, కాలిన నేల మీద మొదటి చినుకు పడితే నాకు ముందుగా గుర్తొచ్చేది విత్తనాలే.

మాది అశ్వారావుపేట దాటాక అడవిలోకి తిరిగే దారిలో ఒక కోయగూడెం. ఎండాకాలం ముదిరేలోపే ఇప్పపూలు రాలేవి. చీకటి విడకముందే అమ్మ బుట్ట చేతికిచ్చి లేపేది, సగం నిద్రలో ఏరుతూ ఏరుతూ నోట్లో వేసుకున్న పూలకు తల తేలిపోతున్నట్టుండేది. తర్వాత తునికాకు కోత, వేళ్ళు నల్లబడేదాకా. వానలు పడ్డాక వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, బోడకాకరకాయలు, వేడి జొన్నగట్కలో మజ్జిగ, చినుకు తెరిపి ఇస్తే చిర్రగోనె ఆట. కంకి పట్టాక మంచె ఎక్కి చిలకల్ని తరమడం పిల్లల వంతు. అది పని అని మాకెప్పుడూ అనిపించలేదు. గొంతు పోయేదాకా అరవడానికి పెద్దవాళ్ళు ఒప్పుకున్న చోటు అదొక్కటే మరి.

గూడెం పోడంతా ఒకే గుట్ట వాలు మీద ఉండేది. పోడంటే చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలోనే విత్తనం చల్లే సేద్యం. ఎవరి చేను, ఎవరి చెలక ఎక్కడిదాకానో మాకు తెలుసు గానీ, చూపించమంటే చూపించలేం. ఇక్కడొక పుట్ట, అక్కడొక మోడు, ఆ పైన ఒక బండ, అంతే. గట్టు లేదు, దడి లేదు. బయటివాడెవడైనా ఇది ఎవ్వలదని అడిగితే ఏం చెప్పాలో మాకు మాటలు నేర్పినప్పుడే నేర్పారు, అందరిది అనాలి. దాన్ని మంచితనం అనుకోకండి, అది మా తెలివి. ఫారెస్టోళ్ళు కేసు రాయాలంటే ఒక పేరు కావాలి, ఒక హద్దు కావాలి. మా గుట్ట మీద ఆ రెండూ దొరికేవి కావు.

నేను నాలుగో తరగతిలో ఉండగా బడికి కొత్త సారు వచ్చాడు. ఖమ్మం కుర్రవాడు, బడిలోనే ఒక మూల బొంత పరుచుకుని పడుకునేవాడు, అన్నం మా ఇళ్ళలో వంతులవారీగా తినేవాడు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత కోపంలో మర్చిపోతానేమోనని. సారుకు అమెరికా అంటే ప్రాణం. చూసింది లేదు పెట్టింది లేదు, భద్రాచలం దగ్గర గోదావరి దాటి అవతలికి పోయినవాడు కూడా కాదు. ఆయన దగ్గరొక బొమ్మల పుస్తకం ఉండేది. గుడ్డ కప్పిన బండ్ల మీద పడమటికి పోయే సంసారాలు, గొడ్డళ్ళు, దుంగ మీద దుంగ పేర్చి కట్టిన ఇళ్ళు, చుట్టూ కంచె. ఆ దేశంలో పుట్టుకను బట్టి మనిషిని చూడరట, ఎవడి రాత వాడే రాసుకుంటాడట. అడవి కొట్టి, ఇల్లు కట్టి, కంచె వేసి ఐదేళ్ళు దున్నితే ఆ భూమి నీదేనని సర్కారే కాగితం ఇచ్చేదట. దుంగల ఇంట్లో పుట్టి కట్టెలు కొట్టిన పిల్లవాడొకడు చివరికి దేశానికే పెద్దయ్యాడట.

మేమందరం కట్టెలు కొట్టే పిల్లలమే కనుక నోళ్ళు తెరుచుకుని విన్నాం. నా పక్కన కూర్చునే పిల్ల మాత్రం ఊరుకోలేక, "ఆడ ఫారెస్టోళ్ళు లేరా సార్?" అని అడిగింది.

"లేరు. అడవంతా ఖాళీగా ఉండేది."

ఖాళీగా ఉండే అడవి ఎట్లుంటుందో మాకు అంతుపట్టలేదు. మా గుట్ట మీద ప్రతి బండకూ ఒక దేవత ఉండేది, ప్రతి ఇప్పచెట్టు కిందా పూలు ఏరుకునే ఒక ఇల్లుండేది. సరే, పెద్ద దేశం, అక్కడ అట్లనేమో అనుకున్నాం.

ఆ రోజుల్లో మా నాయిన బడి చుట్టూ దడి అల్లుతున్నాడు. కిటికీ కింద కూర్చుని వెదురు చీలుస్తూ, మేం విని మర్చిపోయే కథలన్నీ ఆయన పట్టుకున్నాడు. ఒకనాడు కత్తి చేతిలో ఉండగానే లోపలికి తలపెట్టి, "ఐదేండ్లేనా సార్? నేను అంతకెక్కువే దున్నిన" అన్నాడు. సారు నవ్వి, "అయితే నువ్వు అక్కడ పుట్టాల్సింది" అన్నాడు. సారుకది సరదాకి అన్న మాట, నాయిన దాన్ని ఇంటికి మోసుకొచ్చాడు.

ఆ ఎండాకాలం నాయిన గుట్ట మీద మా చెలక చుట్టూ దడి కట్టాడు. నేను చూసిన దడులన్నింటిలోకీ అందమైనది అదే, కుందేలు దూరే సందు కూడా లేదు. కాలి మిగిలిన మద్ది దుంగలు పేర్చి, నడుమ ఒక ఇల్లు కూడా లేపాడు. గూడేనికి పెద్దమనిషి మా పెద్దనాయినే. ఆయన వచ్చి దడి బయటే నిలబడి, "గిదేం పని తమ్మీ, గీత గీస్తే వాళ్ళకు తొవ్వ చూపినట్టు గాదా?" అన్నాడు.

"నా రెక్కల కష్టం అన్నా. నాదని చెప్పుకోవద్దా?"

పెద్దనాయిన దడిని ఒకసారి చేత్తో ఊపి చూసి, గుట్ట దిగిపోయాడు.

భూమి పండుగ నాడు ఇంటింటి నుంచి తెచ్చిన జొన్నలు, కొర్రలు, కందులు దేవత ముందు ఒక్కచోట పోసి, కలిపి, తలా దోసెడు పంచుతారు. ఎవరి విత్తనం ఎవరి చెలకలో మొలిచిందో ఆ తర్వాత ఎవరికీ తెలియదు. ఆ ఏడు మా ఇంటి నుంచి గింజ పోలేదు. "మన ఇత్తులు మనయే" అన్నాడు నాయిన. డోలు చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక వానలు. సారు కథ ప్రకారం సొంతదారు అక్కడే కాపురముండాలి గనుక గూడెంలో ఇంటికి తడిక పెట్టేసి పైకి చేరాం. మా పాత ఇంటి వెదురు గోడల్లోంచి గాలి వచ్చేది, పొద్దున లేస్తే ముందు పక్కింటి నవ్వు వినిపించేది. ఈ దుంగల ఇంటికి కిటికీ లేదు. పొగ బయటికి పోయేది కాదు, కట్టెకు చెమ్మ పట్టి గోడలంతా బూజు, రాత్రీ పగలూ ఒకే రంగు. నాయిన నా బడి మాన్పించాడు. మేం దిగిపోతే ఎవరో ఎక్కుతారని ఆయన భయం. నిప్పు కోసం వచ్చే ఆడవాళ్ళు రారు, దోసకాయ అడిగే పిల్లలు రారు. "ఇల్లంటే గిదా, పందిని పట్టే బోను లెక్కుంది" అని అమ్మ గొణిగేది. నేను దడికి పెట్టిన తడిక సందులోంచి కిందికి చూస్తూ, మా గూడెం మీద నుంచి లేచే పొగల్లో ఏది ఎవరి పొయ్యిదో పోల్చుకుంటూ ఏడ్చేదాన్ని.

జొన్న మోకాలెత్తు పెరిగినప్పుడు ఫారెస్టోళ్ళు వచ్చారు, ట్రాక్టరు నిండా నీలగిరి మొక్కలతో. కింద చెలకల్లో గూడెమంతా పిల్లాజెల్లాతో సహా దిగి నిలబడింది. ఎవరిదంటే అందరిదన్నారు, హద్దేదంటే గుట్టంతా చూపించారు. పొద్దెక్కేదాకా అరిచి విసిగిన బీటు ఆఫీసరు తలెత్తి మా దడి వైపు చూశాడు.

వాళ్ళకంటే ముందే పెద్దనాయినా గూడెంవాళ్ళూ మా తడిక దగ్గరికి ఎక్కొచ్చారు. "తియ్యి తమ్మీ, మేమొచ్చి నడుమ నిలబడ్తం. జల్దీ తియ్యి." లోపల్నుంచి అమ్మ కూడా తియ్యమని ఏడుస్తోంది. నాయిన తడికకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"వద్దన్నా. నా భూమి, నేనే చూసుకుంట."

ఆఫీసరు వచ్చి ఇది నీదేనా అని అడిగాడు. అవ్ అన్నాడు నాయిన. తన పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు గొంతెత్తి చెప్పాడు. ఆ కథ ప్రకారం, అట్లా చెప్పుకోగలిగినవాడికి భూమి రావాలి. వాళ్ళు నిలబడే రాసుకున్నారు.

జొన్న పీకి మొక్కలు పెట్టారు. దడి ఎట్లాగూ ఉంది కనుక కంచె వేసుకునే పని కూడా వాళ్ళకు లేకపోయింది. కేసు సంగతి మెల్లగా చూస్తామని చెప్పి, ఆ మొక్కలకు కాపలా కూలికి నాయిననే పెట్టుకున్నారు. మేం గూడెం దిగివచ్చాం. సారు ఏడాది చివర వెళ్ళిపోతూ మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. నాయిన అంబలి పోశాడు, ఇద్దరూ అమెరికా ఊసెత్తలేదు. మధ్యాహ్నాలు నేను గట్క గిన్నె పట్టుకుని గుట్ట ఎక్కేదాన్ని. మొదటి రోజు అలవాటుగా తడిక తోయబోతే నాయిన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి ఆపాడు.

"లోపటికి రాకు బిడ్డా, కేసైతది."

గిన్నె పైనుంచి అందించాను. ఆయన లోపల నిలబడి తిన్నాడు, నేను బయట నిలబడి చూశాను.

కాలేజీలో చేరాక ఆ అమెరికా అడవుల గురించి మిగతా సగం చదివాను. అవి ఖాళీగా లేవు. ఆ బండ్లు కదలకముందే సిపాయిలు వెళ్ళి అక్కడివాళ్ళను తరిమేశారు. ఎవడి రెక్కల మీద వాడు బతికాడన్న కథ వెనక ఒక సర్కారు మొత్తం ఉంది. బొమ్మలో బండి మీద కూర్చున్నది మేమేనని నాయిన అనుకున్నాడు. మేం ఆ బొమ్మలో గీయకుండా వదిలేసినవాళ్ళం. ఇది తెలిసిన రోజు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

పోడు భూములకు హక్కిచ్చే చట్టం వచ్చాక కింది చెలకలకు పట్టాలిచ్చారు. మాది అప్పటికే నీలగిరి తోట, లెక్కలోకి రాలేదు. ఇప్పుడు మంచెలు లేవు, చిలకల్ని తరిమే పిల్లలు లేరు. పండుగకు కొట్లో కొన్న సంచి విత్తనాలు తెచ్చి కలుపుతున్నారు, అన్నీ ఒకే రకం గనుక కలిపినా కలపకపోయినా ఒకటే. గుట్ట మీద దడి కూడా లేదు, చెదలు తినేసి ఏళ్ళయింది, గొడ్లు అడ్డంగా నడిచిపోతాయి. మొన్న నాయినతో కలిసి అటు వెళ్ళాను. దడి ఉండిన చోటికి రాగానే ఆయన ఆగి, పక్కకు తిరిగి, చుట్టూ నడిచి వచ్చాడు.