ఎవరికీ హాని చేయని పువ్వు

నిద్ర పడుతుందని ఒక చిన్న పుస్తకంలో చదివి మా ఆవిడకు కెమొమిల్ పూల టీ కాచి ఇచ్చాను. అరగంటలో ఆమె పెదవులు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి. "పసిపిల్లల నుంచి ముసలివారి వరకు ఎవరికీ ఎలాంటి హానీ చేయదు" అని ఆ పుస్తకంలో అచ్చువేశారు. ఆ వాక్యం తప్పు. తప్పని నేను చెప్పిన తర్వాత కూడా నాలుగు నెలలు దాన్ని అలాగే పంచిపెట్టారు.

మా రేపల్లె వీధుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. రైసు మిల్లులో ఫిట్టరు పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాను. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగిలిన చదువంతా పొట్లాల కాగితాల మీదా, లైబ్రరీ బల్లల మీదా నాకు నేనుగా కూడబెట్టుకున్నది. అలాంటివాడికి అచ్చులో ఉన్న మాటంటే గురి ఎక్కువ. బాపట్లలో రిటైరైన మాస్టారొకాయన ఆదివారాలు మూలికల శిబిరం పెడుతున్నాడంటే వెళ్లి, ఆయన రాసిన పుస్తకమూ ఒక డబ్బా ఎండు పూలూ తెచ్చుకున్నాను. కడుపు ఉబ్బరానికి ఆ పూల కషాయం, చిగుళ్ల వాపుకి అదే కషాయం పుక్కిలించడం, మనసు నిమ్మళించి నిద్ర పట్టడానికి సాయంత్రం ఒక కప్పు. మా ఆవిడకు కావలసింది ఆ నిద్రే.

"ఇదేంటండి, గడ్డి వాసనొస్తోంది" అంది కప్పు అందుకుని.

"తాగు. నిద్ర పడుతుంది."

"మీరూ తాగండి మరి."

"నాకు పడుతోందిగా."

"అవును, మీ గురకకేగా నాకు పట్టనిది" అంటూనే తాగేసింది.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏం తాగిందో నేను చెబితే విని, ముందు ఇంజెక్షన్ చేసి, ఆ తర్వాత అడిగింది. "వయ్యారిభామ మొక్క తగిలితే ఈమెకు దురదలొస్తాయా?"

మా ఆవిడ నోరు తెరవలేని స్థితిలో ఉంది కాబట్టి నేనే చెప్పాను. "రైలుకట్ట పక్కన నడిస్తే చాలండి, చేతులన్నీ దద్దుర్లే. చామంతులు గుచ్చినా అంతే."

"ఇదీ వాటి జాతి పువ్వే తాతగారూ. కొంతమందికి ఊపిరి కూడా ఆడదు. ఈమె అదృష్టవంతురాలు."

వాపు మూడో రోజుకి దిగింది. నాకు మాత్రం కుదురు లేదు. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలుసు. నలభై ఏళ్ల కిందట తెనాలిలో సైకిల్ షాపులో పనిచేసేటప్పుడు పక్క కొట్టు ఒక ముసలి హకీముగారిది. ఇదే పువ్వును ఆయన బాబూనా అనేవారు. కీళ్లనొప్పులకు దాని నూనె ఇచ్చేవారు, అజీర్తికి కషాయం ఇచ్చేవారు. కొత్తగా వచ్చిన మనిషికి మాత్రం చేతికి మందు ఇవ్వరు. తడిపిన పువ్వు ఒకటి మోచేతి మడతలో పెట్టి గుడ్డ కట్టి కూర్చోబెట్టేవారు. "దురద రాకపోతే మందు తీసుకెళ్లు బాబూ. వస్తే చాయ్ తాగి వెళ్లు" అనేవారు. తొందరున్నవాళ్లు తిట్టుకుంటూ లేచిపోతే పోనిచ్చేవారు. ఆ కట్టు కట్టడం రోజూ కళ్లారా చూసినవాణ్ణి. పుస్తకం చేతికి రాగానే అదంతా ఎటు పోయిందో.

మాస్టారికి ఉత్తరం రాశాను. వయ్యారిభామ, చామంతి పడనివారు ఈ టీ తాగరాదు, ఈ ఒక్క వాక్యం పుస్తకంలో చేర్చండి అన్నాను. జవాబు లేదు. ఇంకొకటి రాశాను. లేదు. ఇంతలో కర్లపాలెంలో కూలిపనుల ఆడవాళ్ల కోసం ప్రత్యేక శిబిరం పెడుతున్నారని తెలిసింది. గట్ల మీద వయ్యారిభామను వట్టి చేతులతో పీకేవాళ్లకి ఈ కప్పులు అందిస్తారన్నమాట. ఇక ఆగలేకపోయాను.

"మళ్లీ బాపట్లా?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి. చెప్పులేసుకుంటూ తల ఊపాను.

తెనాలిలో బండి మారి బాపట్ల చేరేసరికి శిబిరం సగమైంది. సూర్యలంకకు షికారు వచ్చినవాళ్లు కొందరు సముద్రపు ఇసుక కాళ్లతోనే వచ్చి కూర్చున్నారు. నేను కూర్చోలేదు.

"మాస్టారూ, నా ఉత్తరాలు అందాయా?"

ఆయన నవ్వాడు. "అందాయండి బాబాయిగారూ. ఒకరికి పడకపోతే మందుది తప్పవుతుందా చెప్పండి? వంకాయ పడనివాళ్లు లేరా?"

"ఉన్నారు. వంకాయ ఎవరికీ హాని చేయదని ఎవరూ పుస్తకం వేయలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారి ముఖం కందింది. "అన్నీ రాసుకుంటూ పోతే పుస్తకం అవదు, భయం అవుతుంది. చూద్దాం లెండి" అని ఇంకొకరి వైపు తిరిగాడు.

తిరుగుదారిలో తెనాలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి కోసం ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. "కూర్చోండి తాతా, మీరు నడిచినా అది లేటే" అన్నాడు టీ కొట్టతను. వాడి దగ్గరే పెన్ను అడిగి తీసుకుని మూడో ఉత్తరం మొదలుపెట్టాను. హకీముగారి కట్టు సంగతి అందులో పూసగుచ్చినట్టు రాశాను. పుస్తకం రాసే హక్కు ఎవరిచ్చారని అడిగాను. కర్లపాలెం వచ్చి అందరి ముందూ నిలబడి చెబుతానన్నాను. బండి వచ్చినా ముగియలేదు, ఇంటికెళ్లి పూర్తిచేసి పోస్టు చేశాను.

కర్లపాలెం శిబిరం ముందురోజు పోస్టులో జవాబు వచ్చింది. బడి పిల్లలకు నేర్పినట్టు గుండ్రటి అక్షరాలు.

"అయ్యా, మీ మూడు ఉత్తరాలూ చదివాను. ఎవరికీ హాని చేయదన్న మాట నేను పరీక్షించి రాసింది కాదు. పూల డబ్బా మీద ఉంటే ఎక్కించాను. నా దగ్గర మిగిలిన పుస్తకాలన్నిటిలో ఆ వరుస కొట్టేసి, మీ వాక్యం చేత్తో రాశాను. కర్లపాలెంలో ఈ టీ ఇవ్వడం లేదు. ఒక్క సంగతి. మూడు ఉత్తరాలూ కలిపి పదకొండు పేజీలు రాశారు. ఇంట్లో అమ్మగారికి ఇప్పుడెలా ఉందో, నిద్ర పడుతోందో లేదో ఎక్కడా ఒక్క ముక్క లేదు. తెలియజేయగలరు."