టిఫిన్ డబ్బాలో వాల్వు పిడి

డెబ్బైలలో గోదావరిఖనిలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన బొగ్గుబాయిలో పైపులు బిగించేవారు. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన స్నానాలగదికి నీళ్లు మా గదిలోని వాల్వు మీదుగానే వెళ్లేవి. అది కారి నేలంతా తడిసి, మా చంటిదానికి జ్వరం వచ్చినా ఇంటాయన కదల్లేదు.

"ఉండేటోళ్లే బాగుచేసుకోవాలె" అన్నాడు.

సరేనని మా ఆయనే కొత్త వాల్వు బిగించారు. మర్నాడు పొద్దున ఇంటాయన స్నానం మొదలుపెట్టగానే దాన్ని కట్టేసి, పిడి ఊడదీసి, టిఫిన్ డబ్బాలో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

కాసేపటికి ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని ఇంటాయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు. వాడంతా చూస్తోంది.

"జల్ది నీళ్లిడువు బిడ్డా, కండ్లు మండుతున్నయి."

"వాల్వు పిడి ఆయనతోని బాయిలకు దిగింది కాకా. షిఫ్టు అయ్యేదాక ఆగాలె."

నా వెనక రెండు బిందెల నిండా నీళ్లున్నాయి. చెంబెడైనా ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా బాధపడలేదు.